ఎడమ మోకాలి సాక్ష్యం

మొన్న స్కూలు ఆఫీసులో టీసీలు రాస్తూ ఉండగా ఫోను మోగింది. గుడివాడలోని ఎముకల ఆసుపత్రి నుంచి. అక్కడ రికార్డులు చూసే ఆవిడట. ఒక పేరు చెప్పి, "ఈ ఏడాది చెకప్‌కి రాలేదండీ. ఫైల్లో మీ నంబరు ఉంది. ఆవిడ మీకేమవుతారు మేడం?" అని అడిగింది.

ఏమీ కారు. మా చర్చి సంఘంలో నాకంటే పాతికేళ్ళు పెద్దావిడ. పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

"ప్రభువు పిలుచుకున్నారమ్మా. రెండు నెలలయింది" అన్నాను.

"అయ్యో. ఏమీ అనుకోకపోతే ఒక్కటి అడుగుతానండీ. ఆవిడ రెండు మోకాళ్ళకీ రెండు రకాలు వేశారు. ఏ రకం ఎన్నేళ్ళు ఎట్టా పనిచేసిందో మా డాక్టరు గారు అందరివీ రాసుకుంటున్నారు. పోయేనాటికి ఆవిడకి ఏ కాలు బాగుండేదో మీకేమన్నా తెలుసా?" అంది.

టీసీ మీద వేయబోయిన సీలు పక్కన పెట్టాను.

"బడి వదిలాక చెయ్యమ్మా. సాయంత్రం చెబుతాను" అని పెట్టేశాను.

జవాబు తెలియక కాదు. పన్నెండేళ్ళ నుంచీ తెలుసు. వాటిలో మొదటి ఐదేళ్ళూ తెలిసి కూడా తప్పు రాసింది ఈ చెయ్యే.

ఆవిడను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ముఖం కాదు, కుడిచేతి బొటనవేలు. చిలకలపూడిలో గిల్టు నగల పనిలో ముప్ఫై ఏళ్ళు చేశారు. పూత పోసి వచ్చిన గొలుసుల్ని పళ్ళెంలో పోసుకుని, ఒక్కో దాన్నీ బొటనవేలితో రుద్ది చూసి మంచివి ఒక పక్కకీ, తిరగగొట్టేవి ఒక పక్కకీ వేయడం ఆవిడ పని. ఏరిన వాటిని డబ్బాల్లో సర్ది, పైన చీటీ మీద చిన్నపిల్లలు పలక మీద రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో రాసేవారు. ఐదో తరగతితో ఆగిపోయిన చదువు ఆవిడది. ఆ వేలి చర్మం నున్నగా, పసుపచ్చగా ఉండేది. మందిరంలో కొత్త గొలుసుతో ఎవరు పక్కన కూర్చున్నా ఆవిడ చెయ్యి ఊరుకునేది కాదు.

"ముందు భాగం చూసి ఏం లాభం అమ్మాయ్. మెడ వెనకాల చూడు. చెమట పట్టి రాసుకునే చోటే పూత ముందు పోతుంది" అనేవారు. "కొన్న రోజున అన్నీ ఒకటే మెరుపు. ఏది నిలిచిందో రెండు ఎండాకాలాలు పోతే గాని తెలీదు."

కూర్చోవడం కూడా ఆవిడది ఒక పద్ధతి. ఒక కాలు మడత, ఒక కాలు నిలువు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేవడమే. శుక్రవారాలు స్త్రీల సమాజంలో మోకాళ్ళ ప్రార్థన. మా సంఘంలో ఆడవాళ్ళు చాప మీద మోకాళ్ళూని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేస్తారు. గంట పడుతుంది. కొందరం మధ్యలోనే గోడకి జారబడతాం. ఆవిడ అందరికంటే ముందు ఊని, అందరికంటే చివర లేచేవారు. ఆవిడ ప్రార్థనలో పెద్ద మాటలు ఉండవు. పేర్లు ఉంటాయి. ఫలానా వాళ్ళ కోడలు కాన్పుకి వెళ్ళింది తండ్రీ. ఫలానా వాడికి దగ్గు తగ్గలా తండ్రీ. పళ్ళెంలో గొలుసుల్లాగా ఒక్కొక్కరినే తీసి, చూసి, దేవుడి వైపు పెట్టేవారు. ఎవర్నీ తిరగగొట్టడం నేను వినలేదు.

అరవై రెండో ఏట కుడి మోకాలు కదలనని మొరాయించింది. గుడివాడ తీసుకెళ్ళింది నేనే. ఇంగ్లీషు ముక్కలు వచ్చని సంఘంలో ఎవరికి ఆసుపత్రి పని పడినా నన్నే వెంట పంపుతారు.

ఆ డాక్టరు గారు మర్యాదస్తుడు. బల్ల మీద బొమ్మ మోకాళ్ళు పెట్టుకుని ఓపికగా చెప్పాడు. తొడ ఎముక చివర లోహపు తొడుగు, కింది ఎముక మీద లోహపు రేకు, రెంటి మధ్యా ప్లాస్టిక్ బిళ్ళ. ఒక రకంలో ఆ బిళ్ళ కదలకుండా బిగించి ఉంటుంది. ఇంకో రకంలో కాలు వంచినప్పుడు బిళ్ళ కూడా కొంచెం అటూ ఇటూ తిరుగుతుంది. పిన్నిగారు రెంటినీ చేతిలోకి తీసుకుని బిళ్ళ మీద బొటనవేలు వేసి రుద్దారు.

"ఇది ఎక్కడ రాసుకుంటుంది సార్?"

ఆయన నవ్వాడు. "అసలు ప్రశ్న అదేనమ్మా. రెండూ మంచివే. చాలామందికి రెండూ బాగానే ఉంటాయి. తేడా ఏమన్నా ఉంటే ఏళ్ళు గడిచాక కనపడుతుంది. అది మీరే చెప్పాలి నాకు. ఏడాదికొకసారి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెబితే రాసుకుంటాను."

"మా కవరింగుకి ఆర్నెల్లే సార్ గ్యారంటీ" అన్నారావిడ. ఆయన ఇంకా నవ్వాడు.

కుడికాలికి బిగించిన బిళ్ళ రకం వేశాడు. నాలుగు నెలలకి ఆవిడ చిలకలపూడి నుంచి మందిరానికి నడిచి వచ్చారు. మూడేళ్ళకి ఎడమ మోకాలు కూడా పోయింది. ఈసారి డాక్టరు గారు తిరిగే బిళ్ళ రకం వేద్దామన్నాడు. కొందరికి వంగడం సుళువుగా ఉండొచ్చు, మాట ఇవ్వలేనమ్మా అన్నాడు. ఆ మాటలో రెండో సగం మేమిద్దరం వినలేదు. వంగొచ్చు అన్నదే విన్నాం. వంగితే మోకాళ్ళూనొచ్చు. సంఘమంతా మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాం, మా పిన్నిగారు మళ్ళీ ముందు వరసలో మోకరించాలని.

ఆపరేషనైన ఏడో నెలలో స్త్రీల సమాజం వార్షిక కూడిక. కార్యదర్శిని నేను. సాక్ష్యాలకి పేర్లు పిలిచేది నేను. ఆవిడ పేరు పిలిచాను. పాస్టరమ్మగారు తన చేత్తో కుట్టిన ఎర్ర మఖమల్ మెత్త ఒకటి బల్ల ముందు వేసింది. పిన్నిగారు వచ్చి, దాన్ని చూసి, నా వైపు చూసి, బెంచీ అంచు పట్టుకుని నెమ్మదిగా దిగారు. రెండు మోకాళ్ళూ ఆనాయి. నిమిషం ఉండుంటారు. మందిరం మందిరమంతా ఏడ్చింది. స్తోత్రం అని మొదట కేక వేసింది నేను. ఇద్దరు ఆడవాళ్ళు చంకల కింద చేతులు వేసి లేపారు. అందరూ వెళ్ళాక బల్లలు సర్దుతుంటే బెంచీ అంచున గోళ్ళ గాట్లు కనపడ్డాయి. నాలుగు. తడిగుడ్డతో తుడిచాను. పోలేదు.

రెండు మోకాళ్ళూ ఆనిన నిమిషం అదొక్కటే.

ఆ వచ్చే ఆదివారం నుంచి మెత్త ముందు వరసలో ఉండేది. ఎవరు వేసేవారో తెలియదు, ఆవిడ వచ్చేసరికి వేసి ఉండేది. పెడన తీసుకెళ్ళాం, కవుతరం తీసుకెళ్ళాం, పులిగడ్డ వంతెన దాటి దివిసీమ ఊళ్ళకి వ్యానులో తీసుకెళ్ళాం. ఎక్కడికి వెళ్ళినా సాక్ష్యం చెప్పమనేవారు. చెప్పాక మోకరించమనేవారు. అక్కడ మెత్త లేకపోతే ఎవరో ఒకరు దుప్పటి మడతపెట్టి వేసేవారు.

ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. కుడి మోకాలు ఆనించి, మోచేతులు రెండూ బెంచీ మీద మోపి, ఒంటి బరువంతా వాటి మీద వేసి, ఎడమ మోకాలిని మెత్తకి వేలెడంత పైన ఆపేవారు. చీర కుచ్చిళ్ళు కప్పేసేవి. పక్కనే మోకాళ్ళూనిన దాన్ని కనక నాకు కనపడేది. కుచ్చిళ్ళ కింద నుంచి సన్నగా వెలుగు. ఎంతసేపు ప్రార్థన సాగితే అంతసేపూ ఆ వెలుగు వణికేది. నేను కళ్ళు మూసుకునేదాన్ని. విశ్వాసంతోనే నడవాలి, కంటికి కనపడేదాన్ని బట్టి కాదని నాకు నేనే ప్రసంగం చెప్పుకునేదాన్ని.

నాతో మాత్రం హాస్యం ఆడేవారు. కుడి మోకాలి పేరు పెద్ద కోడలు, ఎడమదాని పేరు చిన్న కోడలు.

"పెద్ద కోడలు చెప్పిన పని చేసి మూల కూచుంటుంది. నోరు లేదు దానికి. ఈ చిన్నదానికే రాజ్యం" అనేవారు.

"ఏమంటుందండీ ఇవాళ?"

"పొద్దుటినుంచీ సణుగుడే. ఎక్కడో వాయుగుండం పట్టినట్టుంది. గిలకలదిండి రేవులో బోట్లు ఆపమని కబురు పెట్టు."

రెండోరోజు నిజంగానే ముసురు పట్టేది. మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం. నొప్పి అనే మాటని ఆవిడ ఆ హాస్యంలో తప్ప ఎక్కడా అనలేదు. అనడానికి మేం చోటు ఉంచలేదు.

మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఎట్టా ఉన్నారండీ అంటే కృపలో ఉన్నామండీ అంటాం. జ్వరం నూట రెండున్నా అదే అంటాం. అది అబద్ధమని మేం అనుకోం. స్వస్థత దొరికిందని సంఘం ముందు సాక్ష్యం చెప్పాక మళ్ళీ నొప్పి ఉందనడం, ఇచ్చిన బహుమానాన్ని ఇచ్చినవాడి గుమ్మంలో పడేసి రావడంలాంటిది. ఆ భాషకి ఎంత అలవాటు పడిపోయామంటే ఆసుపత్రి కాగితానికి కూడా అదే భాషలో జవాబు చెప్పాం.

ఏటేటా చెకప్ రోజున ఒక ఫారం ఇచ్చేవారు. ఇంగ్లీషులో ఉండేది. ఒక్కో కాలికీ విడివిడిగా అవే ప్రశ్నలు. నేను తెలుగులో చదివేదాన్ని.

"మెట్లెక్కేటప్పుడు ఎడమ మోకాలు నొప్పి ఉంటుందా?"

"దేవుని కృప వల్ల బాగుంది."

నొప్పి లేదు అన్నచోట టిక్కు పెట్టేదాన్ని.

"మోకాళ్ళూనగలరా?"

దీనికి మాత్రం ఆవిడ ఏ ఏడూ జవాబు చెప్పలేదు. నా ముఖంలోకి చూసి, "నువ్వు పక్కనే ఉంటావుగా అమ్మాయ్, చూస్తూనే ఉన్నావుగా" అనేవారు. సులువుగా అన్నచోట టిక్కు పెట్టేదాన్ని. ఫారం నింపినవారు అన్నచోట నా సంతకం.

ఎక్స్‌రేలో లోహం ఎక్కడిదక్కడే ఉండేది. "ఫొటో బాగుంది, మీరూ బాగుందంటున్నారు. ఎడమకాలు ఫస్టు క్లాసు" అని డాక్టరు గారు సంతోషించేవాడు. ఒకసారి తిరుగు రైల్లో గుడ్లవల్లేరు దాటాక పిన్నిగారు అడిగారు.

"ఆ కాగితాలు ఎవరు చదువుతారు?"

"డాక్టరు గారు."

"చదివి?"

"ఏ రకం ఎవరికి వెయ్యాలో చూసుకుంటారు."

బందరు వచ్చేదాకా ఆవిడ కిటికీ ఊచని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నారు.

ఐదో ఏడు ఫారం కూడా నింపి వచ్చిన నెలకి, ఒక మధ్యాహ్నం నేను ఆవిడ ఇంట్లో బైబిలు వాక్యం చదువుతుంటే గుమ్మంలో ఆటో ఆగింది. అవనిగడ్డ దగ్గర ఊరు నుంచి ఒక రైతు, ఆయన భార్య. ఆవిడ దిట్టమైన మనిషి. గుమ్మం ఎక్కడానికి ద్వారబంధం, భర్త భుజం రెండూ పట్టుకుంది. వాళ్ళది మా సంఘం కాదు. నుదుట కాసంత బొట్టు.

"గుడివాడ డాక్టరు గారు పంపించారండీ" అంది కుర్చీలో కూలబడి. "రెండు రకాలున్నాయి, ఏదైనా బాగానే ఉంటుందంటారు. నేనెట్టా తేల్చుకోనండీ? మరీ మరీ అడిగితే, బందర్లో ఒకావిడకి రెండూ ఉన్నాయి, ఒక్క మనిషిని చూసి నిర్ణయం చెయ్యకూడదు గాని ఆవిడ ఎడంకాలు మాత్రం భేషుగ్గా ఉంది, కావాలంటే వెళ్ళి మాట్లాడమన్నారు."

"చీర కొనటానికే నాలుగు షాపులు తిరిగిద్దండీ మా ఆవిడ" అన్నాడు భర్త. "మోకాలంటే వదులుద్దా?"

"నువ్వు కుర్చీలో కూచుని కబుర్లు చెప్పు. పీట మీద కూచునేది నేను." అని ఇటు తిరిగింది. "నాకు పరుగులు పెట్టాలని లేదు వదినగారూ. దేవుడి గదిలో దీపం పెట్టి కాసేపు కింద కూచోవాలి, ఎవరూ లేపకుండా లేవాలి. అంతే. మీరు మోకాళ్ళ మీద కూచుని ప్రార్థన చేస్తారంటగా, ఎడంకాలిది వంగబట్టేనా? అయితే నేనూ రెంటికీ అదే వేయించుకుంటా. సోమవారం చేరాలి."

నాకు ఒళ్ళు పులకరించింది. సాక్ష్యం వినడానికి మనుషులే గుమ్మంలోకి వచ్చారు, ఇది దేవుడు తెరిచిన తలుపు అనుకున్నాను. "చెప్పండి పిన్నిగారూ" అన్నాను.

పిన్నిగారు నా వైపు చూశారు. ఆ రైతు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. తర్వాత ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుని, చీర మోకాళ్ళ దాకా తీశారు. రెండు నిలువు కుట్ల మచ్చలు.

"చెయ్యి పెట్టు తల్లీ. ముందు దీని మీద." కుడికాలు వంచి చాపారు. "తెలిసిందా?"

"ఏం తెలీలా."

"తెలియకూడదు. ఇప్పుడు దీని మీద పెట్టు." ఎడమకాలు వంచారు. సగం వంగాక ఆవిడ పెదవి బిగిసింది.

"వేడిగా ఉందండీ" అంది ఆ మనిషి. "లోపల ఏదో పట్టుకున్నట్టుంది."

"మెట్లు ఎక్కలేను. అన్నం వండుతూ నిలబడలేను. మోకాళ్ళు ఊనలేను. ఊనినట్టు కనపడతాను."

"మరి డాక్టరు గారు అట్టా చెప్పారేంటి?"

"ఆయన్ననకు. నేను బాగుందన్నాను, ఆయన రాసుకున్నారు. రకం మంచిదో చెడ్డదో నాకు తెలీదు. నా ఒంటికి పడలేదేమో, నీకు పడుద్దేమో. అది ఆయన్ని అడుగు. నా కాలు బాగుందని విని మాత్రం వేయించుకోమాక."

"ఎందుకు చెప్పారండీ బాగుందని?" తప్పు పట్టే గొంతు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"అందరూ ఏడ్చారమ్మా, సంతోషం పట్టలేక" అన్నారు పిన్నిగారు. "ఆ ఏడుపుని వమ్ము చెయ్యలేకపోయాను."

ఆ రైతు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. ఆయన భార్య లేవబోతూ పిన్నిగారి మోకాలి మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"ఇంత నొప్పి పెట్టుకుని ఎట్టా నిద్ర పడుతోంది మీకు?" అంది.

పిన్నిగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐదేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడ. మా నూట యాభై మందిలో ఎవరం అడగలేదు.

ఆటో వెళ్ళాక నేను మండిపడ్డాను. బయటివాళ్ళ ముందు దేవుడి నామాన్ని తక్కువ చేశారన్నాను. ఆవిడ చీర సర్దుకుంటూ విన్నారు.

"అయిందా? రేపు గుడివాడ వెళ్దాం రా. ఆ ఐదు కాగితాలూ కొట్టేద్దాం."

"అంటే సాక్ష్యం వెనక్కి తీసుకుంటారా?"

"పూత పోయిందని తెలిసి కూడా మంచి ముక్కల్లో కలిపి పంపితే వేసుకున్నమ్మ మెడ నల్లబడుద్ది అమ్మాయ్. ఏరి పంపినవాళ్ళకేం కాదు. ముప్ఫై ఏళ్ళు ఒక్క గొలుసు అట్టా పంపలా నేను."

"అది నా చేతిరాత. నా సంతకం ఉంది. నేను రాను."

"సరే" అన్నారు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆదివారం ఆవిడ మందిరానికి వచ్చి, ముందు వరసలో మెత్త పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నారు. పాస్టరు గారు సాక్ష్యాలు ఉన్నవాళ్ళు లేవండి అన్నప్పుడు లేచారు. మైకు తీసుకోలేదు.

"నా ఎడం మోకాలి నొప్పి పోలా. ఆ రోజు ఒక్క నిమిషం ఊనాను. అప్పటి నుంచీ ఊనినట్టు నటించాను. దేవుడు నాతో అబద్ధమాడలేదు, ఆయన పేరు మీద నేనాడాను. వాక్యంలో, దీవించమని రాత్రంతా ఆయనతో పెనుగులాడినాయన తొడ తప్పి కుంటుకుంటూనే వెళ్ళాడు. ఆశీర్వాదం దొరకలేదని ఎవరూ అనలా. నన్నూ కుంటనివ్వండి."

ఆమెన్ అనలేదెవరూ. నాలుగో వరసలో పాట నడిపించే ఆయన కంగారుపడి, ఎవరూ అడగకుండానే ఒక కీర్తన ఎత్తుకున్నాడు. అందరం గట్టిగా పాడాం. నేను ఇంకొంచెం గట్టిగా పాడాను.

అంతటితో ఆవిడకి విడుదల దొరికిందనుకుంటే పొరపాటు. వారం తిరక్కుండానే ఇంటికి వచ్చి ప్రార్థన చేసేవాళ్ళు మొదలయ్యారు. మోకాలి కోసం కాదు, ఆవిడ విశ్వాసం కోసం. సందేహపు ఆత్మ పట్టిందన్నారు కొందరు. మీరు నమ్మితే అది పోతుందమ్మా అని తల మీద చేతులు వేసి ఊపేవారు. పాస్టరు గారు మెత్తనివాడు, ఏమీ అనలేదు, కానీ దివిసీమ వ్యానులో ఆవిడకి మళ్ళీ చోటు దొరకలేదు. ఎర్ర మెత్త మాత్రం వారం వారం ముందు వరసలో వేసి ఉండేది. ఆవిడ ఎప్పటికైనా దిగుతారని ఎదురు చూస్తున్నట్టు అందరి చూపూ దాని మీదే. కొన్నాళ్ళు చూసి ఆవిడ దాన్ని తీసి ఎడమ పాదం కింద ఎత్తుగా పెట్టుకున్నారు.

"మోకరించే మెత్తని కాలికింద పెట్టింది" అని గుసగుసలు.

"ఎత్తు సరిగ్గా సరిపోయింది" అన్నారు నాతో. "పాస్టరమ్మగారు కొలిచి కుట్టినట్టుంది."

ఎడమది తెరిచి మళ్ళీ వేయొచ్చని డాక్టరు గారు చెప్పాడట. అప్పటికి గుండె బలహీనపడి రెండో ఆపరేషనుకి మత్తు మందు ఇచ్చే డాక్టరు ఒప్పుకోలేదు. "ఇక ఈ కోడలితోనే కాపరం" అన్నారు. ఆ ఏడు నుంచీ చెకప్‌కి నన్ను పిలవలేదు. ఒక్కరే రైలెక్కి వెళ్ళి వచ్చేవారు. ఆ కాగితాల సంగతి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఏడేళ్ళు మాట్లాడుకున్నాం, నవ్వుకున్నాం, కలిసి వాక్యం చదువుకున్నాం. ఆ ఒక్క సంగతి దగ్గరికి రాగానే ఇద్దరం పక్కకి తప్పుకునేవాళ్ళం. మందిరంలో సాక్ష్యాలప్పుడు నా కాళ్ళు లేవబోయేవి. లేవలేదు.

ఆఖరిసారి చూసింది పోవడానికి పది రోజుల ముందు. మంచం మీద ఉన్నారు. ప్రార్థన చెయ్యమన్నారు. మంచం పక్కన మోకాళ్ళూని ప్రార్థన చేసి, లేవబోతూ కుడికాలు పట్టేసి మంచం కోడు పట్టుకున్నాను. ఆవిడ చూశారు.

"మోకాళ్ళు ఎట్టా ఉన్నాయి అమ్మాయ్?"

"కృపలో ఉన్నానండీ" అన్నాను.

ఆవిడకి నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. "నేనడిగింది మోకాళ్ళని" అన్నారు.

"కుడిది మెట్ల దగ్గర పట్టేస్తోంది. ఆర్నెల్లయింది."

"అదీ" అన్నారు, నా మోకాలి చిప్ప మీద బొటనవేలు వేసి నెమ్మదిగా రుద్దుతూ. "ఇప్పుడు చెప్పావు."

సాయంత్రం బడి వదిలాక గుడివాడ నుంచి మళ్ళీ ఫోను వచ్చింది. గేటు పక్కన అరుగు మీద కూర్చుని చెప్పాను. కుడికాలు చివరిదాకా బాగుంది. ఎడమకాలు మొదటి నుంచీ నొప్పే. మోకాళ్ళు ఊనలేకపోయేవారు. రికార్డులావిడ ఒక్కొక్కటే రాసుకుంది.

"ఇంకొక్క సందేహం మేడం. ఎడమకాలు ఆపరేషనయ్యాక మొదటి ఐదు ఫారాల్లో దాని టిక్కులన్నీ కొట్టేసి ఉన్నాయి. మళ్ళీ పెట్టారు, తీవ్రమైన నొప్పి అన్నచోట. కొట్టేసిన ప్రతి చోటా పక్కన సంతకం ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు. అది ఆవిడదేనా?"

"ఆవిడదే" అన్నాను. నేను రానన్న మర్నాడు ఆ కాలితో ఒక్కరే స్టేషను మెట్లెక్కి వెళ్ళి ఉంటారు. ఇంగ్లీషు ప్రశ్నలు ఎవరి చేత చదివించుకున్నారో.

"ఐదో దాని కింద తెలుగులో కూడా ఏదో రాశారండీ. చదవనా?"

"చదవమ్మా."

"'తప్పు చెప్పింది నేనే. ఈ కాగితాలు రాసిన అమ్మాయికి ఏమీ తెలియదు.' అంతే. కింద సంతకం."

గేటు దగ్గర పిల్లల సైకిళ్ళు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. అబద్ధాలన్నీ కొట్టేయడానికి అంత దూరం వెళ్ళిన మనిషి, చివర్లో కొత్తగా ఒకటి రాసి సంతకం పెట్టి వచ్చారు. నా కోసం.

"మేడం, ఉన్నారా?"

"ఉన్నానమ్మా. అన్నీ నిజమే, ఆ చివరి ముక్క ఒక్కటీ కాదు. దాన్ని కూడా కొట్టేయి. ఆ అమ్మాయికి తెలుసు. పక్కనే మోకాళ్ళ మీద ఉండి, చూస్తూ రాసింది."

"అట్టా నేను కొట్టేయకూడదండీ. ఎవరు చెప్పారో పేరు రాయాలి. ఆ అమ్మాయి ఎవరో మీకు తెలుసా?"

"నేనే" అన్నాను. "రేపు పొద్దున రైలుకి వస్తాను. సంతకం పెడతాను."